అగ్ని పాఠం బట్టీ పడితే చాలదు

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు దేశమంతా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలిపోయి, మంటలార్పడానికి వెళ్లిన సిబ్బంది ఎందరో ప్రాణాలు కోల్పోయారు. వారి స్మృతిలో జరిగే వారం ఇది. బడి ఆవరణలోకి ఎర్ర బండి వస్తుంది. సిబ్బంది నీళ్లు చిమ్మి చూపిస్తారు, పిల్లలు నీడన కూర్చుని చప్పట్లు కొడతారు. తర్వాత వ్యాసరచన పోటీ. పైగా మన దగ్గర అవి ఒంటిపూట బడుల రోజులు, వార్షిక పరీక్షల రోజులు. ఆ పోటీలో బహుమతి గెలిచిన పిల్లను ఇంట్లో గ్యాస్ రెగ్యులేటర్ కట్టేసి చూపించమని అడగండి. అసలు పరీక్ష అదే.

2025 మే 18న, ఆదివారం పొద్దున్నే, చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌లో ఒక ఇంట్లో మంటలు రేగి 17 మంది చనిపోయారు. వారిలో ఎనిమిది మంది పిల్లలు. ఆ ఘోరాన్ని పిల్లలకు శిక్షణ లేకపోవడం మీదికి నెట్టడం అన్యాయం. ఇరుకు మెట్లు, కరెంటు తీగలు, తనిఖీలు పూర్తిగా పెద్దల బాధ్యత. కానీ ఇంటి మంటల్లో ఎక్కువగా ప్రాణం తీసేది పొగ. అది కమ్మేశాక ఆలోచించుకోవడానికి సమయం ఉండదు. అప్పుడు చిన్నపిల్లలు బయటికి పరుగెత్తరు, మంచం కిందో బీరువా వెనకో నక్కుతారు. దాగుడుమూతల్లో నేర్చుకున్నదే అక్కడా చేస్తారు. ‘దాక్కోవద్దు’ అని నోటితో వందసార్లు చెప్పినా ఆ అలవాటు పోదు. దాన్ని మార్చేది ఇంకో అలవాటే.

ఇది ఉత్త ఊహ కాదు. 1981లో అమెరికాలో రసెల్ జోన్స్, అలన్ కజ్దిన్, జుడిత్ హానీ అనే పరిశోధకులు మూడో తరగతి పిల్లలు కొందరితో పడకగది లాంటి ఏర్పాటులో సాధన చేయించారు. మంట ఎక్కడుంటే ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది ఒక్కొక్కటిగా చేయించి, తప్పితే దిద్దారు. మొదట్లో తడబడిన పిల్లలే శిక్షణ తర్వాత సరిగ్గా చేశారు.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. పిల్లవాడి కళ్లకు గంతలు కట్టి మంచం మీద పడుకోబెట్టండి. ‘పొగ’ అనగానే దిగి, నేలకు దగ్గరగా పాకుతూ, గోడ తడుముకుంటూ తలుపు చేరాలి. వేడి పొగ పైకి లేస్తుంది కాబట్టి పీల్చదగ్గ గాలి కిందే మిగులుతుంది. తలుపును ముందు వెనకచేత్తో తాకి చూడాలి, వేడిగా ఉంటే తీయకూడదు. గడియ పిల్లవాడికి అందుతుందా? రాత్రి తాళం వేసే ఇంట్లో తాళంచెవి ఎక్కడుంటుందో వాడికి తెలుసా? ఈ లోపాలన్నీ మొదటి ఆటలోనే బయటపడతాయి. బయటికొచ్చాక అందరూ కలుసుకునే చోటు వీధిలో వేపచెట్టు కిందనో, ఎదురింటి అరుగు మీదనో ముందే అనుకోవాలి. బొమ్మ కోసమైనా సరే, లోపలికి తిరిగి వెళ్లకూడదు. ఫోన్ పాఠమూ నోటితో చేయించాల్సిందే. అమ్మ 101 సిబ్బందిగా నటిస్తే, పిల్లవాడు ఇంటి నంబరు, వీధి, దగ్గరి గుర్తు చెప్పాలి.

వంటింటి పాఠం కాస్త పెద్ద పిల్లలకు. వంటగ్యాస్ గాలికన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. వాసన వస్తే స్విచ్ వేయకూడదు, ఆపనూ కూడదు. తలుపులు తెరిచి బయటికొచ్చి 1906కు ఫోన్ చేయాలి. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదని, మూత పెట్టి పొయ్యి కట్టేయాలని ఖాళీ మూకుడుతోనే చేసి చూపించవచ్చు. చేయి కాలితే టూత్‌పేస్టు, సిరా, పసుపు పూసే పెద్దలు ఇంకా ఉన్నారు. పంపు కింద 20 నిమిషాలు చేయి పెట్టడం పిల్లలు నేర్చుకుంటే, పెద్దలకూ వాళ్లే చెబుతారు.

పిల్లలు నిప్పుతో ఆటలాడతారన్న భయం కొందరు తల్లిదండ్రులది. ఈ సాధనలో ఎక్కడా అగ్గిపుల్ల గీయక్కర్లేదు. చిన్నపిల్లల పని మంట ఆర్పడం కాదు, బయటపడి పెద్దలను పిలవడం. అది స్పష్టంగా చెప్పాలి.

ప్రధానోపాధ్యాయులు ఈసారి ఏప్రిల్ దాకా ఆగవద్దు. దీపావళికి ముందే ఒక పూట దగ్గరి ఫైర్ స్టేషన్ వారిని పిలవండి. ఉపన్యాసం వద్దు, ప్రతి పిల్లవాడితోనూ పాకించి, తలుపు తాకించి, 101కు ఫోన్ చేసినట్టు మాట్లాడించమని అడగండి.