బీరులో పడే బత్తాయి తొక్కకు ధర ఎవరు కట్టాలి?

ఈసారి వీడియో పొలంలో తీసింది కాదు. హైదరాబాద్ అశోక్ నగర్‌లో మా అల్లుడు ఉండే రూంలో, గ్యాస్ స్టవ్ పక్కన తీసింది. ప్రకృతి వ్యవసాయం చేసేవాడికి బీరు గోల ఎందుకని మీలో కొందరు అనుకోవచ్చు. చివరిదాకా చదవండి, ఇది మన తోట సంగతే.

మాది నల్లగొండ వైపు బత్తాయి తోట. మా అక్క కొడుకు గ్రూప్-2కి చదువుతున్నాడు. పగలంతా చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో, రాత్రి అశోక్ నగర్ రూంలో. నలుగురు కలిసి ఉంటారు. ఆ మధ్య చిక్కడపల్లిలో తెలిసినవాళ్లకు కాయలు ఇచ్చి, ఆ రాత్రి వాళ్ల రూంలోనే పడుకున్నాను. చూస్తే బకెట్‌లో గోధుమలు నానుతున్నాయి. పక్కన 20 లీటర్ల ఖాళీ వాటర్ క్యాన్.

"ఏందిరా ఇది?" అన్నాను.

"హోగార్డెన్ అని గోధుమ బీరు మామా. నారింజ వాసనొస్తది. కొనుక్కుందామంటే మాతోని కాదు. ఇంట్లనే చేద్దామనుకున్నం. నువ్వు జీవామృతం డ్రమ్ములకు డ్రమ్ములు కలుపుతవ్ గదా, జర చెప్పరాదు" అన్నాడు.

తొక్కలు ఎక్కడివని అడిగితే, నారాయణగూడలో జ్యూస్ బండి దగ్గర సంచెడు ఊరికే ఇస్తారన్నాడు. అక్కడ నాకు రెండు విషయాలు తట్టాయి. ఒకటి వాడి గురించి, ఇంకోటి మన గురించి.

ముందు వాడి సంగతి. 1968 ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా మత్తు పానీయం తయారుచేయడం నేరం. అమ్మట్లేదు, మేమే తాగుతాం అంటే కుదరదు. సర్కారు కొలువు కోసం ఏళ్ల తరబడి లైబ్రరీలో కూర్చునే పిల్లవాడు ఒక క్యాన్ బీరు కోసం కేసు మీదేసుకోవడం తెలివైన పని కాదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. జీవామృతం డ్రమ్ము మీద గోనెసంచి కప్పుతాం గానీ మూత బిగించం. ఎందుకంటే పులిసేటప్పుడు గాలి పుడుతుంది, అది బయటికి పోవాలి. తీపి పూర్తిగా పులవకముందే సీసాలో పోసి బిరడా బిగిస్తే ఆ సీసా పేలుతుంది. ఈ రెండూ చెప్పాక వాడు మెత్తబడ్డాడు.

ఇక మన సంగతి. హోగార్డెన్ బెల్జియంలో ఒక ఊరి పేరు. అక్కడి తెల్ల బీరు కాచే చివరి బట్టీ 1957లో మూతపడితే, పియర్ సెలిస్ అనే పాలు పోసే ఆయన 1966లో దాన్ని మళ్లీ మొదలుపెట్టాడు. 1985లో మంటల్లో బట్టీ కాలిపోయింది. నిలబెట్టడానికి పెద్ద కంపెనీ డబ్బు తీసుకున్నాడు, చివరికి బ్రాండ్ ఆ కంపెనీ చేతికే పోయింది. ఆ బీరులో ఏముంటుంది? గోధుమ, బార్లీ మాల్ట్, హాప్స్ అనే పూలు. వాటితోపాటు ధనియాలు, నారింజ తొక్క. జనం లొట్టలేసే ఆ పండు వాసనలో పెద్ద భాగం ఈ చివరి రెండింటిదే. ధనియాలు మనం పండించేవే. తొక్క మనం పెంటకుప్పలో వేసేది!

కానీ ఏ తొక్క పడితే ఆ తొక్క పనికిరాదు. తోటలో మందు కొడితే ముందు తగిలేది తొక్కకే. కొన్ని మందులు తొక్కలోని నూనెలోనే నిలిచిపోతాయి. రసం తాగేవాడు తొక్క పారేస్తాడు కాబట్టి కొంత బతికిపోతాడు. తొక్కనే మరిగించి తాగేవాడి మాటేమిటి? జ్యూస్ బండి వాడిది తప్పు కాదు, ఆ కాయ ఏ తోటదో ఆయనకూ తెలియదు. అందుకే అంటున్నాను, రసం కోసమైతే మన కాయకూ మార్కెట్ కాయకూ మధ్య తేడాను కొనేవాళ్లకు నచ్చజెప్పాలి. తొక్క కోసమైతే చెప్పాల్సిన పనే లేదు. మందు కొట్టని తోట తొక్కే తినదగ్గది.

వాడి గోధుమలు నేను పారబోయించలేదు. గుడ్డలో మూట కట్టి మొలకెత్తించమన్నాను. రాగి మాల్ట్‌కి మన ఇళ్లలో చేసేది అదే కదా. రెండు మూడు రోజులకు వేర్లు వచ్చాక ఆరబెట్టి, వేర్లు నలిపేసి, రవ్వలా పట్టించమన్నాను. మళ్లీ వారం కాయలతో వెళ్లినప్పుడు చేసిందే ఈ వీడియో. పావుకిలో మాల్ట్ రవ్వ తీసుకున్నాం. లీటరు మరిగే నీళ్లలో అర లీటరు మామూలు నీళ్లు కలిపి, అందులో రవ్వ పోస్తే ఇంచుమించు 65-70 డిగ్రీల వేడి ఉంటుంది. మూతపెట్టి, టవల్ చుట్టి గంటసేపు వదిలేశాం. ఆ వేడిలో మొలకలోని ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. బెల్లం చిటికెడు కూడా వేయలేదు, గంట తర్వాత నాలుక మీద వేసుకుంటే తియ్యగా ఉంది! పిల్లలు నలుగురూ నమ్మలేదు.

తర్వాత వడకట్టాం. బార్లీకి ఉండే పొట్టు గోధుమకు ఉండదు కాబట్టి జిగురుగా, మెల్లగా దిగుతుంది. ఓపిక పట్టాలి. పావుగంట మరిగించి, దించే ముందు చెంచాడు ధనియాలు కచ్చాపచ్చాగా దంచి వేశాం. ఒక బత్తాయి పైతొక్క కూడా వేశాం. పైపొర మాత్రమే గీయాలి, లోపలి తెల్లది చేదు. చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, సోడా కలిపి, బత్తాయి రసం పిండుకుని తాగాం. రెండు రోజుల్లో తాగేయాలి, లేకపోతే అదే పులవడం మొదలుపెడుతుంది.

ఇది బీరు కాదు. ఈస్ట్ వేసి పులియబెడితే బీరు అవుతుంది, ఆ గీత దాటకుండా ఆగిపోయాం. తాటిచెట్టు దగ్గర నీరాకూ కల్లుకూ ఉన్న తేడానే ఇది. నీరాకు హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద 2023లో ప్రభుత్వమే కేఫ్ తెరిచింది. పులవని చెట్టు రసానికి దారి దొరికినప్పుడు పులవని ధాన్యం రసానికి ఎందుకు దొరకదు? రైతు సంఘాలు, మహిళా సంఘాలు చేయగల పని ఇది. గోధుమ మన దగ్గర తక్కువే, ఆదిలాబాద్ వైపు కొంత వేస్తారు. జొన్న పనికిరాదా అంటే పనికొస్తుంది. నైజీరియా 1988లో బార్లీ మాల్ట్ దిగుమతి ఆపేస్తే అక్కడి పెద్ద బీరు కంపెనీలే జొన్నకు మళ్లాయి. కానీ లేత జొన్న మేస్తే పశువుకు నాము తగులుతుందని మనకు తెలుసు. ఆ విషం జొన్న మొలకలోనూ ఉంటుంది. కాబట్టి తెలిసినవాళ్ల సలహా లేకుండా జొన్న మొలకలతో ఇంట్లో ప్రయోగాలు వద్దు.

తాగుడును పెంచమని నేను అనట్లేదు. తాగుడుతో మునిగిన ఇళ్లు మా ఊళ్లోనూ ఉన్నాయి. నేను అనేది ఒక్కటే. హైదరాబాద్‌లో లైసెన్స్ ఉన్న మైక్రోబ్రూవరీలు గోధుమ బీరు కాస్తూనే ఉన్నాయి. పండు రుచి, తొక్క వాసన పేరు చెప్పి గ్లాసు అమ్మేటప్పుడు, ఆ తొక్క ఏ తోటదో కూడా చెప్పాలి. మందు లేని తోట నుంచి తెచ్చుకోవాలి, దానికి ధర కట్టాలి. అడగాల్సింది మనమే. సెలిస్ కథ చూశాం కదా, రుచి నిలబెట్టినవాడి చేతిలో చివరికి పేరు కూడా మిగల్లేదు. మన పేరు ముందే రాయించుకోవాలి.

మొన్న అల్లుడు ఫోన్ చేశాడు. చిక్కడపల్లిలో వాడి స్నేహితుడి వాళ్లమ్మ ఆ పానీయం తాగిందట. టీలోకీ, కేకులోకీ ఎండబెట్టిన తొక్క రెండు కిలోలు కావాలందట. "రేటెంత మామా?" అన్నాడు. ముప్ఫై ఏళ్లుగా బత్తాయి అమ్ముతున్నాను, తొక్కకు రేటు ఎప్పుడూ చెప్పలేదు. నోట మాట రాలేదు. నీడలో ఆరబెడుతున్నాను. కిలో ఎండు తొక్కకు ఎన్ని కాయలు పట్టాయో, గీయడానికి ఎంత కూలి అయిందో రాసుకుంటున్నాను. ఆ లెక్క తేలాక రేటు నేనే చెప్తాను, వాళ్లు చెప్పేదాకా ఆగను. బత్తాయి, నిమ్మ తోటలున్న మీరూ ఈ సీజన్‌లో ఆ లెక్క ఒకటి రాసి పెట్టుకోండి.