సార్ బదిలీ అయినా ఆట ఆగొద్దు

ఆటస్థలం | వారం వారం

పత్రికల జిల్లా పేజీల్లో ఓ మూలన వచ్చే చిన్న వార్తలను నేను వదలకుండా చదువుతాను. ఫలానా ఉన్నత పాఠశాల విద్యార్థులు రాష్ట్రస్థాయి బేస్‌బాల్ పోటీలకు ఎంపికయ్యారు, ప్రధానోపాధ్యాయుడు అభినందించారు అని నాలుగు ముక్కలు. పక్కన వరుసగా నిలబడ్డ పిల్లల ఫొటో. అందులో సిద్దిపేట జిల్లా అక్కన్నపేట వంటి మండలం పేరు కనిపిస్తే, ఆ నాలుగు ముక్కల వెనక ఎంత కష్టం ఉందో ఆలోచించకుండా పేజీ తిప్పలేను.

2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజనప్పుడు హుస్నాబాద్ నుంచి విడిపోయి మండలమైన ఊరు అక్కన్నపేట. గుట్టలు, తండాలు, వానను నమ్ముకున్న మెట్ట చేన్లు, గౌరవెల్లి రిజర్వాయర్ నీళ్ల కోసం ఏండ్ల తరబడి ఎదురుచూపులు. ఇటువంటి చోట ఏ పిల్లవాడూ టీవీలో చూసి బేస్‌బాల్ మీద మోజు పడడు. ఇంట్లో నాన్నో బాబాయో ఆడి ఉండరు. సంతలో గ్లౌజు దొరకదు. అయినా ఆ ఆట బడి గేటు దాటి లోపలికి వచ్చిందంటే ఒక్క మనిషి వల్లనే. ఆయనే పీఈటీ సార్.

క్రికెట్‌ను గల్లీ నేర్పుతుంది, కబడ్డీని అన్నలు నేర్పుతారు. బేస్‌బాల్‌ను పనిగట్టుకొని నేర్పేవాడు లేకపోతే అది లేనట్టే. మన పిల్లలకు నేర్పడంలో ఉన్న చిక్కు కూడా చిన్నది కాదు. క్రికెట్‌కు అలవాటైన పిల్లవాడు బంతిని కొట్టగానే బ్యాటు పట్టుకొనే ఉరుకుతాడు. ఇక్కడ బ్యాటు కింద పడేసి మొదటి బేస్ వైపు పరుగెత్తాలి. బంతి నేల తాకి లేస్తుందని అతని కళ్లు కిందికి చూస్తుంటాయి, అది మాత్రం నేరుగా గాల్లో మోకాలికీ ఛాతీకీ నడుమ దూసుకొస్తుంది. కుడిచేతివాటం పిల్లవాడు గ్లౌజును ఎడమ చేతికి తొడగాలి, ఎందుకంటే పట్టిన వెంటనే విసరాల్సింది కుడిచేత్తో. మొదట్లో అందరూ రెండు చేతులూ చాపి ఉత్త చెయ్యినే ముందుకు పెడతారు, వేళ్లకు దెబ్బలు తగులుతాయి. ఆ భయం పోగొట్టడానికి సార్ నాలుగడుగుల దూరంలో నిలబడి మెల్లగా విసురుతాడు. రోజుకో అడుగు వెనక్కి జరుగుతాడు. బంతి విసిరే పిచ్చర్ నుంచి బ్యాటు పట్టినవాడు నిలబడే హోమ్ ప్లేట్ దాకా ఉండే 60 అడుగుల 6 అంగుళాల దూరానికి ఆ పిల్లవాడి చెయ్యీ కన్నూ అలవాటు పడేసరికి నెలలు గడుస్తాయి. జిల్లా జట్టు ఎంపికలో సెలెక్టర్లు చూసేది అర నిమిషం. ఆ అర నిమిషం వెనక ఈ నెలలన్నీ ఉంటాయి.

మారుమూల బడి నుంచి ఎంత దూరం పోగలరు అని అడిగేవాళ్లకు వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలోని కల్లెడను చూపిస్తాను. ఆ ఊరి ఆర్‌డీఎఫ్ పాఠశాలలో చదివిన వర్ధినేని ప్రణీత విలువిద్యలో 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. అదే బడిలో పరుగెత్తిన జీవాంజి దీప్తి 2024 మేలో జపాన్‌లోని కోబెలో పారా అథ్లెటిక్స్ 400 మీటర్ల టీ20 విభాగాన్ని 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆమెను ద్రోణాచార్య అవార్డు గ్రహీత నాగపురి రమేష్ తీర్చిదిద్దారని అందరికీ తెలుసు. అంతకుముందే బడి మైదానంలో ఆమె పరుగును గుర్తుపట్టింది మాత్రం అక్కడి వ్యాయామ ఉపాధ్యాయుడు. మొదటి చూపు బడిలో పడకపోతే పెద్ద కోచ్ దాకా చేరే మార్గమే ఉండదు.

గురువు ముద్ర ఎంత గట్టిగా నిలుస్తుందో, ఎంత త్వరగా చెరిగిపోగలదో రెండూ చూపిన కథ మన హైదరాబాద్‌లోనే ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ మొదట బడిపంతులు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు సాధించింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1963లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన దగ్గర ఆడిన పి.కె. బెనర్జీ తర్వాత దేశంలోని పెద్ద కోచ్‌లలో ఒకరయ్యారు. ఇక రెండో వైపు: ఆ తర్వాత ఈనాటిదాకా ఆసియా క్రీడల్లో మనకు ఫుట్‌బాల్ స్వర్ణం మళ్లీ రాలేదు. ఒకప్పుడు జాతీయ జట్టుకు సగం బలం ఇచ్చిన హైదరాబాద్ మైదానాలు ఆ వరుసను నిలబెట్టుకోలేదు. శిష్యుల్లో గురువు బతికాడు. ఆయన చుట్టూ ఉండాల్సిన ఏర్పాటును మాత్రం మనం కట్టుకోలేదు. ఈ సంగతి రాస్తుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రహీం సాబ్ విషయంలోనే అట్లా జరిగితే మండల కేంద్రంలోని పీఈటీ సార్ సంగతి చెప్పాలా? ఆయన బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజే చాలా బడుల్లో ఆట కూడా ఆయనతోపాటే బస్సెక్కుతుంది. కొత్తగా వచ్చే సార్‌కు వాలీబాల్‌లో పట్టుంటుంది, ఖోఖోలో ఉంటుంది. అది ఆయన తప్పు కాదు. అసలు వచ్చేవాళ్లే తక్కువ. 2024 డీఎస్సీలో భర్తీకి పెట్టిన పోస్టులు 11,062 అయితే, అందులో పీఈటీ పోస్టులు 182. మనం ఆటకు ఎంత చోటిస్తున్నామో ఈ అంకెలే చెప్తున్నాయి.

నేల సంగతీ అంతే. 2022 నుంచి ఊరూరా వెలిసిన క్రీడా ప్రాంగణాలు చాలావరకు ఎకరంలోపువే. బేస్‌బాల్‌కు నాలుగు బేస్‌ల చతురస్రం ఒక్కో వైపు 90 అడుగులు, దాని వెనక అవుట్‌ఫీల్డ్ కలిపితే రెండెకరాలకు తక్కువ సరిపోదు. అంత జాగా ఉండేది ఉన్నత పాఠశాలలకే. ప్రహరీ పేరిటో, కొత్త భవనం పేరిటో ఆ మైదానాన్ని ముక్కలు చేసేముందు ఊరి పెద్దలు ఒక్కసారి అక్కడ ఆడే పిల్లల్ని పిలిచి అడగాలి.

పిల్లల పురోగతి అంటే అమెరికా లీగులే కానక్కర్లేదు. 2008లో ఉత్తరప్రదేశ్ జావెలిన్ క్రీడాకారులు రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఒక టీవీ పోటీలో బంతి విసిరి పిట్స్‌బర్గ్ పైరేట్స్ బేస్‌బాల్ జట్టుతో ఒప్పందం దాకా వెళ్లారు. మంచి కథే, ప్రతి బడిలో చెప్పాల్సిందే. నాకు మాత్రం అంతకంటే ముఖ్యంగా తోచేది వేరు. తండా నుంచి వచ్చిన ఆడపిల్ల రాష్ట్రస్థాయి పోటీకి మొదటిసారి ఊరు దాటి వెళ్లడం, ఆ సర్టిఫికెట్‌తో క్రీడా కోటాకు దరఖాస్తు చేసుకోగలగడం, డిగ్రీ అయ్యాక బీపీఈడీ చదివి తానే ఇంకో బడికి పీఈటీగా వెళ్లడం. ఒక సార్ నేర్పిన ఆట ఇట్లానే తరం దాటుతుంది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు క్రికెట్‌తోపాటు బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ కూడా వస్తున్నాయి. ఆ ఆటలను మన పిల్లలు అర్థం చేసుకుంటూ చూస్తారంటే అదీ ఆ సార్ పుణ్యమే.

అందుకే అక్కన్నపేటలోనూ, ఇటువంటి ప్రతి మండలంలోనూ ప్రధానోపాధ్యాయులకు, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు నా విన్నపం. గ్లౌజులు, బ్యాట్లు, బేస్‌లు సార్ సొంత సంచిలో కాకుండా బడి స్టాక్ రిజిస్టర్‌లో ఉండాలి. ఏ ఏడాది ఎవరు ఎంతదాకా ఆడారో, వారికి నేర్పింది ఎవరో ఒక పుస్తకంలో రాసిపెట్టండి. హుస్నాబాద్‌లోనో, కరీంనగర్‌లోనో కాలేజీ చదువుతున్న పాత ఆటగాళ్లారా, దసరా సెలవులకు ఊరికి వచ్చినప్పుడు రెండు పూటలు బడి మైదానానికి వెళ్లండి. సార్ మీకు నేర్పినట్టే ఆరో తరగతి పిల్లలకు నాలుగడుగుల దూరం నుంచి బంతి విసరండి.

– ఆర్.వి.