దస్తరములలో పడియున్న మన పూర్వులు

రాష్ట్రేతరాంధ్ర సంఘములు వెలువరించు సంచికలను వరుసగా చదివినవారికి ఒక సంగతి తోచక మానదు. ప్రతి సంచికయందును విజయనగర సామ్రాజ్యము ఉండును; మధుర, తంజావూరు నాయకరాజులు ఉందురు; దండులతో దక్షిణమునకు దిగిన సేనానులు, అగ్రహారములు పొందిన పండితులు, కోటలు కట్టించిన దొరలు ఉందురు. ప్రతి కుటుంబమును తన మూలపురుషుని ఏదో యొక రాజాస్థానపు గుమ్మమున నిలిపి చూపును. ఇది దోషమని నేననను. పరభాషల నడుమ తరతరములుగా తల్లిభాషను కాపాడుకొనుచున్నవారికి ఆమాత్రపు అభిమానము ఉండదగినదే. కాని ఈ వీరగాథల నడుమ ఒక పెద్ద ఖాళీ కలదు. మన తీరమునుండి ఓడలెక్కి తిరిగిరానివారు ఈ పుటలలో ఎచ్చటను కానరారు. వారు రాజుల వెంట పోయినవారు కారు. అమ్ముడుపోయినవారు, ఒప్పందపు కాగితముపై నిశాని వేసినవారు. వారి కథ చేరనంతకాలము మనము వ్రాసికొనుచున్నది చరిత్ర కాదు, శుభలేఖ మాత్రమే.

తంజావూరి సంగతియే చూడుడు. విజయరాఘవ నాయకుని ఆస్థానమున తెలుగు యక్షగానములు వెలసినవని మనము గర్వముతో చెప్పుకొందుము, చెప్పుకొనదగినదే. కాని ఆ రాజు ఏలుబడిలోనే, 1659 నుండి 1661 వఱకు, బిజాపూరు సేనల దాడి వలనను కరవు వలనను ఆ దేశము పాడైనప్పుడు, నాగపట్నము, పులికాటు మున్నగు రేవులలో డచ్చి కంపెనీవారు వేలకొలది మనుష్యులను కొని సింహళమునకును బటేవియాకును తరలించిరి. పిడికెడు బియ్యమునకు బిడ్డను అమ్మిన తల్లి ఏ భాషలో ఏడ్చినదో ఎవ్వరును వ్రాసిపెట్టలేదు. ఒకే రాజ్యము, ఒకే కాలము: ఆస్థానపు పాట మనకు దక్కినది, రేవులోని ఏడుపు డచ్చివారి లెక్కల పుస్తకములలో చిక్కినది. మొదటిదానిని మాత్రమే మనదని, రెండవదానిని పరాయిదని త్రోసిపుచ్చు హక్కు మనకెవరిచ్చిరి?

“అట్టివారికి ఆధారములెక్కడివి?” అని కొందరందురు. ఆధారములు లేవనుట తెలియనివారి మాట. వెదకుట ఇష్టములేనివారి మాట. బానిసలను ఆస్తిగా ఎంచినవారు ఆస్తిని లెక్కించినంత జాగ్రత్తగా వారిని లెక్కించిరి. హిందూమహాసముద్రమున ఫ్రెంచివారి బూర్బోను ద్వీపము, అనగా నేటి రెయూనియను, దీనికి మంచి తార్కాణము. 1723 నాటి రాజశాసనము బానిసను చరాస్తిగా నిర్ణయించినది. అందుచే తోటల యజమానులు తమ బానిసల పట్టికలను ప్రభుత్వమునకు దాఖలు చేయవలసివచ్చెను. పేరు, వయస్సు, పుట్టుక, చేయు పని: ఇన్నియు అందు కలవు. పుట్టుక యను గడిలో నాలుగు మాటలే సాధారణముగా కనబడును: ద్వీపమున పుట్టినవారు, మడగాస్కరువారు, ఆఫ్రికావారు, ఇండియావారు. ఆ నాలుగవ మాట క్రిందనే మనవారు దాగియున్నారు.

ఒక తోటను ఉదాహరణముగా తీసికొందము. ఆ ద్వీపపు పడమటి భాగమున సేంజిల్ మెట్టమీద దెబస్సాన్ కుటుంబమువారి తోట యుండెను. మొదట కాఫీ, ప్రత్తి, పిమ్మట చెఱకు. పుదుచ్చేరి ఇండ్లను తలపించు మేడను అక్కడ కట్టించిరి. భర్త 1800లో మరణింపగా, ఓంబ్లిన్ దెబస్సాన్ అను ఆ ఇంటి యజమానురాలు దాదాపు అర్ధశతాబ్దము ఆ తోటలను తానే ఏలినది. వందలకొలది బానిసలు ఆమె సొత్తు. ఫ్రాన్సు దేశమునకు ప్రధానమంత్రియైన విల్లేలు ఆమె అల్లుడు. 1846లో ఆమె చనిపోయినది. మరి రెండేండ్లకు, 1848 డిసెంబరు 20వ తేదీన, ద్వీపమునందలి 60 వేలకు పైబడిన బానిసలకు విముక్తి కలిగినది. తోటి దొరలు ఆమెను రెండవ దైవమని కొనియాడిరి. బానిసల సంతతివారి కథలలో ఆమె క్రూరురాలుగా మిగిలినది. ఈ రెంటిలో ఏది నిజమని తేల్చుటకు పొగడ్తయు చాలదు, కథయు చాలదు. జనాభా పట్టికలు, వారసత్వపు పంపకములలో వ్రాసిన వెలలు, పారిపోయినవారి జాబితాలు, విముక్తినాడు ఇంటిపేర్లు పెట్టి వ్రాసిన రిజిష్టరులు — వీనిని ప్రక్కప్రక్కన పెట్టి చదివినప్పుడే ఒక్కొక్క మనిషియు కాగితమునుండి లేచి వచ్చును. ఆ మేడ 1976 నుండి ప్రదర్శనశాలయైనది. అక్కడి పరిశోధకులు తమవారిని పేరుపేరున వెదకుచున్నారు. వారి తోడివారైన మనవారిని వెదకువారేరి?

ఈ తోట మనకు ఎంతో దూరమున ఉన్నదనుకొనవద్దు. 1826 నుండి 1828 వఱకు పుదుచ్చేరినుండి ఫ్రెంచి ఇండియాను, అందు యానామును, పాలించిన గవర్నరు ఈ దెబస్సాన్ వంశీయుడే. ఆయన స్థాపించిన గ్రంథాలయమును మనము మెచ్చుకొందుము. ఆ 1828లోనే, బానిసల వర్తకము నిషిద్ధమై తోటలకు చేతులు కరవైనప్పుడు, యానామునుండి పదునైదుగురు తెలుగువారు ఒప్పందపు కూలీలుగా బూర్బోనుకు పంపబడిరి. తరువాతి రెండేండ్లలో ఆ సంఖ్య వేలకు పెరిగినది. అక్కడి కాగితములలో వారిపేరు “తెలింగాలు”. భారతదేశమునుండి తోటలకు కూలీల నెగుమతి 1834లో కలకత్తానుండి మారిషస్‌కు సాగిన ఓడతో మొదలైనదని పాఠ్యపుస్తకములు చెప్పును. అంతకు ఆరేండ్లకు ముందే గోదావరీతీరపు తెలుగువారు ఆ దారిన పోయిరి. ఈ మాట మన పిల్లలలో ఎందరికి తెలియును?

ఇక ఆక్షేపణలను విచారింతము. మొదటిది: “బానిసలు వేరు, ఒప్పందముపై పోయిన కూలీలు వేరు, మనవారు స్వేచ్ఛగా పోయినవారు.” భేదము కలదు, దానిని చెరిపివేయుట అబద్ధమగును. కూలీని అమ్ముటకు వీలులేదు. అతని బిడ్డ యజమాని సొత్తు కాదు. గడువు తీరినపిమ్మట అతడు విడుదల పొందవలెను. కాని ఒప్పందము తప్పిన కూలీకి జైలు. అతడు కాపురమున్నది చాలచోట్ల బానిసల పాత పాకలలోనే. అతనిపై అధికారము చేసినది నిన్నటి బానిసల యజమానియే. బ్రిటిషు ప్రభుత్వము 1833 చట్టముతో యజమానులకు 2 కోట్ల పౌనుల పరిహారమిచ్చినది. అందు మారిషస్ యజమానులకు చేరినది సుమారు 21 లక్షలు. ఫ్రెంచి ప్రభుత్వము 1849లో రెయూనియను యజమానులకు తల ఒక్కింటికి సుమారు 711 ఫ్రాంకులు కట్టియిచ్చినది. బానిసకు చిల్లిగవ్వ దక్కలేదు. యజమానుల చేతికి అందిన ఆ ధనముండగా, తోటలలో ఆ బానిసల స్థానమున నిలిచినవారు మనవారు. కావున ఒకరి చరిత్రను వదలి మరియొకరి చరిత్ర వ్రాయుట సాధ్యము కాదు. పైగా 1828కి పూర్వము మనదేశమునుండి పోయినవారిలో పెక్కురు ఒప్పందముపై పోయినవారు కారు, వారు బానిసలే. “మనవారు బానిసలు కారు” అను గర్వము వారిని రెండవసారి అమ్మివేయుటయే.

రెండవ ఆక్షేపణ: “ఇది తెల్లవారి పాపము, మనకేమి?” తెల్లవాడు ఓడను తెచ్చినమాట నిజము. కాని పల్లెలోని మనిషిని రేవుదాక నడిపించి తెచ్చినది మన దళారి, మన మేస్త్రీ. తరతరములుగా పాలేరును అప్పుక్రింద కట్టివేసిన ఆచారము మన పొలములయందును ఉండెను. 1833 నాటి విమోచన చట్టము ఈస్టిండియా కంపెనీ రాజ్యమును మినహాయించినది. ఇక్కడ బానిసత్వమును గుర్తింపరాదని చట్టము వచ్చినది 1843లో. ఆ మినహాయింపు సంపన్నులకు ఇబ్బంది కలిగింపలేదు. దస్తరములను తెఱచినప్పుడు దొరల పేర్లతోపాటు మనవారి పేర్లు కొన్ని బయటపడునని భయపడువారు కలరేమో. బయటపడనిండు. తాత చేసిన పనికి మనుమడు నేరస్థుడు కాడు. తాత చేసిన పనిని దాచినప్పుడే మనుమడు పాలివాడగును.

మూడవ ఆక్షేపణ బలమైనది: “ఆ కాగితములు దొర వ్రాసినవి, అందు సత్యమెంత?” దొర తనకోసము వ్రాసికొన్న లెక్కయే ఒక్కొక్కప్పుడు దొరపై సాక్ష్యము పలుకును. ఫూర్సీ అనువాని కథ వినుడు. అతని తల్లి మాడ్లేను చందర్నగరులో పుట్టిన భారతీయస్త్రీ. బూర్బోనులో బానిసగా నుండి 1789లో విడుదలయైనది. ఆ సంగతి ఆమెకు చెప్పక, 1786లో పుట్టిన కుమారుని బానిసగానే ఉంచుకొనిరి. 1817లో ఫూర్సీ తాను స్వతంత్రుడనని న్యాయస్థానమునకెక్కెను. అతనికి అడ్డుపడిన ప్రముఖాధికారి దెబస్సాన్ కుటుంబమువాడే. ఫూర్సీని చెరసాలలో పెట్టి, పిమ్మట మారిషస్‌లోని చెఱకుతోటకు పంపివేసిరి. అక్కడ యజమాని అతనిని సుంకపు పట్టికలో చూపలేదని తేలుటచే ఫూర్సీకి సంకెల వీడినది. 1843లో పారిసు న్యాయస్థానము అతడు పుట్టుకతోనే స్వతంత్రుడని తీర్పుచెప్పినది. అతని వ్యవహారపు కాగితములు 2005లో వేలములో బయటపడగా రెయూనియను దస్తరశాలవారు కొనిరి. అప్పటినుండి అతనిపై గ్రంథములు వెలువడినవి. ఒక పట్టికలో పేరు లేకపోవుట మనిషిని విడిపించినది. ఒక కట్ట కాగితములు అతనిని మరపునుండి విడిపించినవి. ఇంతకంటె దస్తరముల విలువను చాటు సాక్ష్యము వేరొకటి వలయునా?

మనము తలపెట్టవలసిన పని కష్టమైనదే కాని అసాధ్యము కాదు. ఫ్రెంచి ఇండియా జనన మరణ రిజిష్టరులు, వలసప్రభుత్వ పత్రములు ఎక్స్-ఆం-ప్రొవాన్సు పట్టణపు దస్తరశాలలో కలవు. మారిషస్ బానిసల రిజిష్టరులు లండను చెంత క్యూ నందు కలవు. మారిషస్‌లో దిగిన 4 లక్షల 50 వేల కూలీలకు సంబంధించిన పుస్తకములు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. అందు మనిషి పేరు, తండ్రి పేరు, కులము, ఊరు, జిల్లా వ్రాయబడినవి. కొందరి ఛాయాచిత్రములు సైతము కలవు. కాని తెలుగు రాని గుమాస్తా చెవికి సోకినట్లు వ్రాసిన ఆ పేర్లను ఎవరు విప్పగలరు? మన “అప్పడు” అక్కడ “అపాడూ” అయి, మనుమలకు ఇంటిపేరై నిలిచినాడు. ఊరిపేర్లు అంతకంటె వంకరలు పోయినవి. ఆ వంకరలలో తన ఊరిని గుర్తుపట్టగలవాడు పారిసు పండితుడు కాడు. కోరంగి, యానాము, గంజాము, శ్రీకాకుళము ప్రాంతముల మాట తెలిసిన తెలుగువాడే. ఆ ద్వీపములలో తమ తాత ఊరేదని అడుగుచున్న వారికి జవాబు చెప్పగల జ్ఞానము మన నోటనున్నది. దానిని ఇయ్యకుండుట లోభము.

కావున సంఘములవారికి నా విన్నపము. యానాములోని కుటుంబములు పెట్టెలలోని ఫ్రెంచి కాగితములను చెదలకు వదలక నకళ్ళు తీయింపవలెను. బరంపురము, గంజాము ప్రాంతముల సంఘములు ఓడలెక్కినవారి ఊళ్ళ జాబితాను సిద్ధము చేయవలెను. చెన్నపట్టణమున పాత రాజధాని ప్రభుత్వపు దస్తరములు కలవు; అక్కడి సంఘములు ఇద్దరు విద్యార్థులకైనను వేతనమిచ్చి వానిని చదివింపవలెను. చేతిపనితో బొంబాయి నగరమును కట్టిన కామాటీల సంతతివారికి శ్రామికుని చరిత్ర విలువ వేరుగా చెప్పనక్కఱలేదు. వచ్చు సంచికలో ఒక రాజుగారి చిత్రపటమునకు కేటాయించు పుటను తగ్గించి, ఆ పుటలో ఒక్క ఓడలోని వారి పేర్లను తెలుగు లిపిలో అచ్చువేయుడు. ఆ పేర్లు మొదట వ్రాసినవారు వారిని సరకుగా వ్రాసిరి. మనము వ్రాయునప్పుడు వారు మనుష్యులగుదురు, మనవారగుదురు.

పరదేశమున పరభాషల నడుమ “మేము తెలుగువారము” అని నిలిచి చెప్పుటకు మనకు నాలుగైదు శతాబ్దములు పట్టినది. ఆ మాట చెప్పుకొను అవకాశమే లేక “ఇండియావాడు” అను ఒక్క గడిలో మాసిపోయినవారు మనకు ఋణదాతలు. రాజులకు మనము ఋణపడినది ఎంతో నేనెఱుగను. వీరికి ఋణపడినది మాత్రము నిశ్చయము. ఆ ఋణము తీర్చుటకు కావలసినది ధనము కాదు. వారు మనవారని ఒప్పుకొను ధైర్యము.