విప్పడం వచ్చు, బిగించడం రాదు

మస్తూరిలో హైవే పక్కన ఒక షెడ్డు ఉంది. పేరు రాయను. దాని వెనక, పాత టైర్ల గుట్ట పక్కన, స్టెబిలైజర్ రాడ్లు వంటచెరకులా పేర్చి ఉన్నాయి. మొన్న లెక్కపెట్టాను, పదకొండు. ఒక్కటీ విరిగింది కాదు, వంగింది కాదు. కొన్నిటికి కంపెనీ పెయింటు కూడా చెదరలేదు. ఎవరివివి అని అడిగితే మిస్త్రీ నవ్వాడు. "థార్‌వాలా భయ్యాలవి" అన్నాడు.

ఆ పదకొండింట్లో ఒకటి మా మేనల్లుడిది.

మాది బిలాస్‌పూర్ రైల్వే కుటుంబం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో మా తాత శ్రీకాకుళం నుంచి పొట్ట చేత్తో పట్టుకుని ఇక్కడికొచ్చాడు. నాన్న క్యారేజ్ అండ్ వ్యాగన్‌లో సుత్తి పట్టుకుని బతికాడు. బోల్టు వదులైతే ఏమవుతుందో అన్నం తింటూ విన్న ఇల్లు మాది. ఆ ఇంట్లో పెరిగిన కుర్రాడు ఇరవై లక్షల బండి కొని, దాన్ని నిటారుగా నిలబెట్టే కడ్డీ పీకించి, పైగా పీకినందుకు డబ్బులిచ్చి వచ్చాడు!

ఆ కడ్డీ పని పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. యూ ఆకారంలో వంగిన స్ప్రింగు ఉక్కు, రెండు కొసలా రెండు లింకులు. రెండు చక్రాలూ ఒకేసారి గతుకెక్కితే బుష్‌లలో ఊరికే తిరుగుతుంది, దేనికీ అడ్డురాదు. ఒక చక్రం లేచి రెండోది దిగినప్పుడే మెలిపడుతుంది. మెలిపడ్డ ఉక్కు మళ్లీ తిన్నగా అయ్యేదాకా ఊరుకోదు. మలుపులో బండి పక్కకి ఒరిగిపోకుండా పట్టేది ఆ మొండితనమే. 20 మిల్లీమీటర్ల కడ్డీ తీసి 22 వేస్తే మెలికి ఎదురు నిలిచే బలం దాదాపు 46 శాతం పెరుగుతుంది. అంత చిన్న తేడాకే అంత ఫలితం ఉన్నచోట మొత్తం కడ్డీనే లేకుండా చేస్తే ఏమవుతుందో మిస్త్రీకి చెప్పక్కర్లేదు. భయ్యాలకే చెప్పాలి.

పాత థార్‌కి వెనక కమాన్ పట్టీలుండేవి. పట్టీలు గట్టివి, కూర్చుంటే నడుం విరిగేది. కానీ ఒరుగును కొంత అవే ఆపేవి. 2020 అక్టోబరు 2న వచ్చిన కొత్త థార్‌కి వెనక కాయిల్ స్ప్రింగులిచ్చారు. కాయిల్ మెత్తన, ఒరుగును ఆపడం దాని ఒక్కదాని వల్ల కాదు. అందుకే పక్కన స్టెబిలైజర్ పెట్టారు. మెత్తదనం కావాలి, దానికి తోడొచ్చిన రాడ్డు మాత్రం వద్దు. ఇదెక్కడి బేరం?

అడవిలో ఆ రాడ్డు అడ్డమే, ఒప్పుకుంటాను. శివనాథ్ ఒడ్డున వర్షాలు కోసిన గండిలోకి దిగితే ఒక వెనక చక్రం గోతిలోకి సాగాలి. రాడ్డు దాన్ని పైకి లాగి పట్టుకుంటుంది. చక్రం గాల్లో వేలాడుతూ ఊరికే తిరుగుతుంది, బండి నిలిచిపోతుంది. అక్కడ లింకు విప్పితే చక్రం నేలను తాకుతుంది. విప్పండి, పానా నేనే అందిస్తాను. అయితే విప్పే ముందు ఒక చక్రాన్ని దిబ్బ మీదికి ఎక్కించి కిందికి వంగి చూడాలి. ముందు ఆగిపోతున్నది రాడ్డా, షాకప్పా? చాలా బళ్లలో షాకప్ పొడవే అయిపోతుంది. అప్పుడు రాడ్డు విప్పి ఒరిగేది ఏమీ లేదు. ఒకవేళ చక్రం నిజంగానే ఇంకా దిగితే బ్రేకు పైపూ, ఏబీఎస్ వైరూ అంత దూరం సాగుతాయా అన్నది కూడా చూసుకోవాలి. ఒక కొస విప్పేసి రాడ్డును గుడ్డపీలికతో కట్టి వదిలేసిన బండినీ ఈ కళ్లతోనే చూశాను. అది ఊగి ఊగి టైరు లోపలి గోడను గీరుతోంది.

గండి దాటాక? మళ్లీ బిగించాలి కదా! నా తగవంతా అక్కడే. అమెరికా జీప్ రూబికాన్‌కి ముందు రాడ్డును మీట నొక్కి విడదీసే ఏర్పాటు కంపెనీయే ఇచ్చింది. కానీ బండి గంటకు సుమారు 29 కిలోమీటర్లు దాటిందా, దాన్ని అదే మళ్లీ కలిపేసుకుంటుంది. రాళ్ల మీద పాకడానికే బండి కట్టినవాడు, నడిపేవాడి బుద్ధిని అంతకు మించి నమ్మలేదు. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు, మనవాళ్లు ఆ విడదీయడం ఒక్కటే నేర్చుకున్నారు. కలపడం వీడియోలో బాగుండదు కాబోలు. మా వాడు ఏడాదికి రెండుసార్లు ఇసుకలో దిగుతాడు. మిగతా రోజులన్నీ 49వ నంబరు జాతీయ రహదారి మీద బిలాస్‌పూర్‌కీ జాంజ్‌గీర్‌కీ వందలో తిరుగుతాడు.

"వెనకదేగా మావయ్యా, ముందుది అలాగే ఉంది, ఏం కాదు" అంటాడు.

సగం నిజం చెప్పడం మహా ప్రమాదం. ముందు రాడ్డు విప్పితే మలుపులో తోక జారుతుంది, అది ఇంకా చెడ్డది. వెనకది తీస్తే ముక్కు బయటికి పోతుంది, బండి మలుపు తిరగనంటుంది. ఆ మేరకు మా వాడి మాట ఒప్పే. కానీ మొత్తం ఒరుగు పెరగదా? అదే బండికి లిఫ్ట్ కిట్ వేశాడు, పెద్ద టైర్లు వేశాడు, పైన ఇనప క్యారియర్, దాని మీద జెర్రీ క్యాన్లు. బరువంతా పైకి తీసుకెళ్లి కిందున్న పట్టు వదిలేశాడు. తలకి మూటెత్తి నడుంకట్టు విప్పేసినట్టు!

దాని రుచి నేనూ చూశాను. సోలాపురి మాత పూజకు వెళ్లి వస్తున్నాం, వెనక సీట్లో నేనూ మా చెల్లీ. సందె చీకట్లో రోడ్డు మధ్య ఆవులు పడుకుని ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్ హైవేలు ఎరిగినవాళ్లకి ఇది వింతేం కాదు. వాడు స్టీరింగు కుడికి కోశాడు, ఎదురుగా బొగ్గు లారీ లైట్లు, మళ్లీ ఎడమకి కోశాడు. మొదటి ఒరుగు భరించాను. రెండోది మొదటిదాన్ని కలుపుకుని వచ్చింది. చెల్లెలి తల అద్దానికి కొట్టుకుంది. లారీ దాటాక చాలాసేపు బండిలో ఎవరూ మాట్లాడలేదు.

రైలు పెట్టెకీ ఇదే రాడ్డు ఉంటుందని రైల్వే ఊరి పిల్లలకి తెలియదా? ఎల్‌హెచ్‌బీ కోచ్‌ల ఫియట్ బోగీకి యాంటీ రోల్ బార్ ఉంటుంది. 160 కిలోమీటర్ల వేగానికి కట్టిన పెట్టె అది. ప్లాట్‌ఫాం మీద పుట్టి పెరిగినవాళ్లు ఏసీ బెర్తులో టీ ఒలకకుండా తాగి దిగుతారు, దిగి సొంత బండికున్న అదే కడ్డీని చెత్తలో పారేస్తారు.

2025లో ఈ మస్తూరి రోడ్డు మీదే కార్లతో విన్యాసాలు చేస్తే పోలీసులు 18 బళ్లు పట్టుకున్నారు. బిలాస్‌పూర్‌లోని హైకోర్టు తనంత తానే కేసు చేపట్టింది. ఆ బళ్ల కింద రాడ్లున్నాయా లేవా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. నాకు కనిపించేది ఒక్కటే, రోడ్డు పదిమందిదన్న ఎరుక లేకపోవడం. రాడ్డు పీకడమూ అదే జబ్బు, కాకపోతే బండి కింద దాక్కుని ఉంటుంది, ఏ పోలీసుకీ కనిపించదు. మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకి అయిదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆర్సీ పుస్తకంలో రాడ్డు మాటే లేదుగా అని లాయరు వాదిస్తాడు, వాదించనివ్వండి. బండి తిరగబడిన రోజు బీమా సర్వేయరు టార్చి వేసి చూసేది మాత్రం కిందికే.

కంపెనీలనూ అడుగుతాను. కొండలెక్కే బండి అని ప్రకటనల్లో ఊదరగొడతారు కదా, చేత్తో లాగితే ఊడి చేత్తో నొక్కితే పడే లింకు ఒకటి మీరే ఇవ్వలేరా? వేగం పెరిగితే తిట్టే హెచ్చరిక లైటు పెట్టలేరా? మీరు ఇవ్వకపోబట్టే కుర్రాళ్లు షెడ్డుకి పోతున్నారు. షెడ్డువాడా, నీకూ ఒక మాట: విప్పిన రాడ్డు ఆ బండి సొంతదారుడిది. చేతిలో పెట్టి పంపు, నీ గుట్టలో వేసుకోకు.

మా వాడి రాడ్డు ఆ గుట్టలోంచి తీసి, దుమ్ము తుడిచి, రెండు లింకులకీ కొత్త బుష్‌లు వేయించి, దగ్గర నిలబడి బిగింపించాను. గంట కూడా పట్టలేదు. ఇంకా పది అక్కడే ఉన్నాయి. బిలాస్‌పూర్, చాంపా, రాయ్‌గఢ్‌లలో ఉన్న తెలుగు అమ్మానాన్నల్లారా, మీ ఇంటి ముందున్న పెద్ద బండి వెనక్కి ఈ రాత్రి టార్చి పట్టుకుని వెళ్లి వంగి చూడండి. రాడ్డు కనపడకపోతే తాళాలు తీసి మీ దగ్గర పెట్టుకోండి.