గాదె పెద్దదైతే చాలునా?

గండికోటను దర్శించినవారు జామియా మసీదు చెంతనున్న ధాన్యాగారాన్ని మరువలేరు. వానను నమ్మి బ్రతుకలేని ఈ సీమలో, పండిన నాటి గింజను కరువు నాటికి నిలుపుకొనుట మన పెద్దలెరిగిన విద్య. నేడు మన విద్యార్థులు తయారుచేస్తున్న చిన్న పరికరాలకు మెమరీ చిప్పు అటువంటి గాదె. దానిని ఎంచుకొనుటలో మనం పొరబడుతున్నామని మా అభిప్రాయం.

కోట మీద వర్షపాతాన్ని, ఉష్ణోగ్రతను పది నిమిషాలకొకసారి నమోదుచేసే పరికరాన్ని ఉదాహరణగా తీసుకొందాము. ఆర్డినో ఊనో బోర్డులోని మైక్రోకంట్రోలరుకు, కరెంటు పోయినా చెరగని సొంత మెమరీ 1024 బైట్లు మాత్రమే. నమోదుకు 8 బైట్ల చొప్పున రోజుకు 144 నమోదులైతే 1152 బైట్లు కావలెను. అనగా ఒక్క దినానికైనా చాలదు. కనుక వెలుపల మరొక చిప్పు అవసరం.

"ఎలాగూ కొంటున్నాము, పెద్దదే కొందాము" అనే తొందరపాటు ఇక్కడే కలుగుతున్నది. 8 మెగాబైట్ల ఫ్లాష్ చిప్పు ఈ లెక్కన దాదాపు 20 ఏండ్లకు సరిపోతుంది. అంత నిల్వ మనకెందుకు? పైగా అందులో వ్రాసినదానిని మార్చవలెనన్న సాధారణంగా 4096 బైట్ల భాగాన్ని మొత్తంగా చెరపవలెను. 3.3 వోల్టుల చిప్పును 5 వోల్టుల బోర్డుకు తిన్నగా కలిపితే చెడిపోవచ్చును.

24ఎల్‌సి256 అనే ఈప్రామ్ చిప్పు 5 వోల్టులకు తట్టుకొంటుంది; సమాచారానికి రెండు తీగలు చాలును. ఆ 256 కిలోబిట్లే గాని కిలోబైట్లు కావు. మొదట మేమూ అలాగే పొరబడ్డాము. అందులో పట్టేది 32 కిలోబైట్లు, అనగా 28 రోజుల లెక్క. నాలుగు వారాలకొకసారి కోటకు వెళ్లి లెక్క తెచ్చుకొనువారికి ఇది చాలును.

అయితే గాదెకు ఓర్పు కూడా ఉండవలెను. ఈప్రామ్ గడి పది లక్షల వ్రాతలకు ఓర్చును. "ఎంతవరకు వ్రాశాము" అనే గుర్తును ఒకే గడిలో పది నిమిషాలకొకసారి వ్రాస్తే ఏటికి 52,560 వ్రాతలు. 19 ఏండ్లు నిలుస్తుంది. సెకనుకొకసారి వ్రాస్తే 12 రోజులలోనే ఆ పరిమితి దాటిపోతుంది. అటువంటి పనికి, అవే రెండు తీగలతో పనిచేస్తూ లక్ష కోట్ల వ్రాతలకు ఓర్చే ఎఫ్‌రామ్ చిప్పు తగినది. ఇక ఈప్రామ్‌లో వ్రాతకు 5 మిల్లీసెకన్ల వరకు పట్టును. ఆ నడుమ కరెంటు పోతే నమోదు చెడవచ్చును. కావున ప్రతి నమోదులోని 8 బైట్లలో ఒకదానిని సరిచూచుకొనుటకు కేటాయించవలెను.

కళాశాల కమిటీ వారికి మా మనవి ఒక్కటే. చిప్పుల కొనుగోలుకు అనుమతినిచ్చే ముందు విద్యార్థులను నాలుగు ప్రశ్నలడుగవలెను: నమోదుకు ఎన్ని బైట్లు? రోజుకు ఎన్ని నమోదులు? ఒకే గడిలో ఎన్నిసార్లు వ్రాస్తారు? బోర్డు ఎన్ని వోల్టులది? అర కాగితం మీద ఈ లెక్క వ్రాయగలిగిన విద్యార్థి కళాశాల సొమ్మును వృథా చేయడు. చిప్పు పోతే మరొకటి కొనవచ్చును. మన సీమలో కురిసిన వానను మరల కొలువలేము.