దుబాయి ఫోను వచ్చినప్పుడు



నిజామాబాదు, బోధన్ పల్లెలలో భర్తనో, కుమారుడినో గల్ఫ్‌కు పంపిన స్త్రీలు ఎందరో. ఫోను రాగానే చాలాసార్లు మనం ముందు అడిగేది డబ్బు సంగతే. మంచి సమరయుడు బాటసారి దగ్గర ఏమి మిగిలిందని అడగలేదు, గాయాలు చూశాడు.

ఇకపై ముందు నీళ్ల సంగతి అడగండి. చాలినన్ని నీళ్లు త్రాగక రోజూ ఎండలో పనిచేస్తే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే ఇంకా త్రాగమనండి. దుబాయిలో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు, మధ్యాహ్నం 12.30 నుండి 3 గంటల వరకు ఎండలో పని చేయించరాదన్న నిబంధన ఉంది; గుర్తు చేయండి. తోటి పనివాడు మాట తడబడి పడిపోతే నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, వెంటనే ఆసుపత్రికి చేర్చాలని చెప్పండి.

డబ్బు మాట చివర అడగవచ్చు. దూరాన ఉన్న మనవారిని ప్రభువు కాపాడును గాక.