దూది అనుకుంటే పురుగు

మా కాణిపాకంలో వినాయక చవితి ఒక్కరోజు పండగ కాదు. బ్రహ్మోత్సవాలు 21 రోజులు జరుగుతాయి. ఆ మూడు వారాలూ మా ఇంట్లో చాప పరిచే చోటు కూడా దొరకదు. ఈసారి చుట్టాల కోసం వరండా ఖాళీ చేసి, కుండీలన్నీ వెనకగదిలో ఒకదానికొకటి ఆనించి పెట్టేశాను. గాలి లేదు, వెలుతురు అంతంత మాత్రం. పైగా ఎవరో పుణ్యానికి రోజూ చెంబుడు నీళ్లు పోశారు, కాక్టస్‌తో సహా!

అందరినీ బస్సెక్కించి కుండీలు బయటికి తెస్తుంటే, మా చిన్నదాని కాక్టస్ నెత్తిన తెల్లగా కనిపించింది. బంతిలాంటి గుండ్రటి మొక్క. ఉద్యోగానికి బెంగళూరు పోతూ "దీనికేం చేయక్కర్లేదమ్మా, అప్పుడప్పుడూ చూస్తా ఉండు చాలు" అని అప్పజెప్పి పోయింది. కొన్ని రకాలకు ముళ్ల మధ్య సహజంగానే తెల్లటి నూగు ఉంటుంది. ఇదీ అదే అనుకుని, వీడియో కాల్‌లో గొప్పగా చూపించాను.

"దగ్గరగా పెట్టమ్మా. నూగయితే అన్ని ముళ్ల కాడా ఒకే మాదిరి ఉండాల గదా. ఇదేంది, ఒక పక్కనే ఉండాది?" అంది.

అగ్గిపుల్లతో కదిపితే దూది ఉండలా లేచింది. కింద సగం బియ్యపు గింజంత కూడా లేని లేత గులాబీ రంగు పురుగు. పిండినల్లి! మందార పెంచే ఇళ్లకు దీన్ని పరిచయం చేయనక్కర్లేదు. చూస్తే పక్కన ఆనించింది మందార కుండీనే. రెండింటి మధ్యా చీమలు బాట వేసేశాయి. పిండినల్లి మొక్క రసం పీల్చి తీపి జిగురు వదులుతుంది. ఆ తీపి కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి. మీ కుండీ మీద చీమల బారు కనిపిస్తే చీమల మందు కోసం పరుగెత్తకండి, ముందు అవి ఎక్కడికి పోతున్నాయో చూడండి.

నాకు వెంటనే మందు కొట్టడానికి చెయ్యి రాలేదు. ఎందుకంటే రెండేళ్ల కిందట ఓ తప్పు చేశాను. మా అత్తగారు నాటిన నిలువు కాక్టస్ మొదట్లో గోధుమరంగుకు తిరిగితే, తెగులని పీకి పారేశాను. అది తెగులు కాదట. కాక్టస్‌కు వయసు మీదపడితే కింది నుంచి చర్మం చెట్టు బెరడులా గట్టిపడుతుంది. వేలితో నొక్కితే గట్టిగా ఉంటే వయసు, మెత్తగా లోపలికి పోతే కుళ్లు. ఆ ఒక్క నొక్కుడు నొక్కి ఉంటే ఆ మొక్క ఇప్పటికీ గుమ్మం పక్కనే ఉండేది. అత్తగారు ఒక్క మాట కూడా అనలేదు. అదే ఇంకా బాధ.

అందుకే ఈసారి భూతద్దం పట్టుకుని కూర్చున్నా. ఎండకు కాలిన మచ్చ అయితే ఎండ తగిలే వైపే, పాలిపోయినట్టు ఉంటుంది. ఎర్రనల్లి అయితే లేత భాగం తుప్పు పట్టినట్టయి, ముళ్ల మధ్య సన్నటి గూడు కనిపిస్తుంది. తెల్లకాగితం పట్టి మొక్కను తడితే చుక్కల్లాంటివి రాలి నడుస్తాయి. పొలుసు పురుగు గోధుమరంగు బొడిపెలా అంటుకుని, గోటితో గీకితే ఊడొస్తుంది.

ఇంకో దూది కూడా ఉంది. కంచెల్లోని నాగజెముడు మీద పడేది. దాన్ని చిదిపితే వేళ్లు గోరింటాకు కంటే ఎర్రగా అవుతాయి. అది కొచినీల్, పిండినల్లికి దాయాది. ఆ ఎరుపు రంగు వ్యాపారం మీద ఆశతోనే ఈస్టిండియా కంపెనీ రోజుల్లో, 1795లో, బ్రెజిల్ నుంచి దాన్ని మన దేశానికి తెచ్చారు. తీరా వచ్చింది నాసిరకం. రంగు మాట అటుంచి, దక్షిణాదిలో ఒక జాతి నాగజెముడును అది దాదాపు తుడిచిపెట్టేసింది. 1926లో అయితే మరో రకం కొచినీల్‌ను శ్రీలంక నుంచి కావాలనే తెప్పించి, భూములను కమ్మేసిన నాగజెముడు మీద వదిలారు. కంచెలకు కంచెలనే కూల్చిన వంశం. నా కుండీ దానికో లెక్కా?

వైద్యం కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. ముందు కుండీని వేరుగా పెట్టాను. మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో ఇయర్‌బడ్ ముంచి, ప్రతి దూది ఉండనూ తడిపి తీశాను. సాయంత్రం పూటే. ఎండలో చేస్తే మొక్క కాలుతుంది. మర్నాడు కుండీ బోర్లించి చూస్తే వేళ్ల మీద కూడా తెల్లటి పొడి! పైన మాత్రమే తుడిచి ఊరుకుని ఉంటే నెల తిరక్కుండా మళ్లీ మొదటికొచ్చేది. వేళ్లు కడిగి, వారం రోజులు నీడలో ఆరబెట్టి, ముతక ఇసుక ఎక్కువ కలిపిన కొత్త మట్టిలో నాటాను. పాత మట్టి పారేశాను. తర్వాత వారం దాకా నీళ్లు పోయలేదు.

పైన లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు లిక్విడ్ కలిపి పిచికారీ. మీరు చేసేటప్పుడు ముందు ఒక మూల చల్లి రెండు రోజులు చూడండి, కొన్ని రకాలకు పడదు. వారానికోసారి చొప్పున నాలుగు వారాలు. ఒక్కసారితో ఆపితే ఆ దూదిలోని గుడ్లు పొదిగి మళ్లీ బయల్దేరతాయి. చాలామంది ఓడిపోయేది ఇక్కడే. మూడో వారం నాకూ ఒకటి కనిపించింది.

దీపావళికి చిన్నది వచ్చింది. నడినెత్తిన కొత్త ముళ్లు లేతగా వస్తున్నాయి. పురుగు పీల్చిన పక్క మాత్రం మచ్చలు అలాగే ఉన్నాయి.

"ఇవి పోవామ్మా?" అంది.

"పోవు" అన్నాను.

మందారను సగానికి కత్తిరించక తప్పలేదు. ఈసారి అత్తగారిని పిలిచి, పురుగు చూపించి, ఆమె "సరేలే, కొట్టెయ్యి" అన్నాకే కత్తెర పెట్టాను.